ఏది ముగిసిందో చెప్పని బ్రాకెట్

ఆఫీసులో ఆమెకు బ్రాకెట్లమ్మ అని పేరు. ఎదురుగా ఎవరూ అలా పిలవరు, అంత ధైర్యం ఎవరికుంది గనక. మెట్లు దిగి కాఫీకి వెళ్ళాక, ఆమె చెవిన పడదన్న నమ్మకం కుదిరాక అంటారు. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉంటుంది, ఎందుకంటే ఆ పేరు వెనక ఉన్న గెలుపంటే ఆమెకు మహా ముద్దు.

గెలుపు సంగతి చెప్పాలంటే ముందు కాస్త పని సంగతి చెప్పాలి. ఫర్నిచర్ దుకాణం పైన, వార్నిష్ వాసన మెట్లెక్కి వచ్చి కుర్చీల్లో కూర్చునే రెండో అంతస్తులో, చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే కంపెనీ అది. ఆ పేజీలు పీహెచ్‌పీ అనే భాషలో నడుస్తాయి. పేజీలో ప్రతిదానికీ ఒక షరతు. వచ్చిన మనిషి లాగిన్ అయ్యాడా, అయితే అతని పేరు చూపించు. ఇవాళ అపాయింట్‌మెంట్ ఉందా, ఉంటే టైము చూపించు. ఈ షరతు రాయడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిదానిలో ఫ్లవర్ బ్రాకెట్ తెరిచి, చెప్పాల్సింది చెప్పి, బ్రాకెట్ మూస్తారు. రెండోదానిలో బ్రాకెట్లుండవు. మొదట్లో కోలన్ పెట్టి, చివర 'ఎండ్‌ఇఫ్' అని మాటతో ముగిస్తారు. కంప్యూటరుకు రెండూ ఒకటే, పేచీ అంతా మనుషులకే.

ఆమె చేరేనాటికి ఆ కంపెనీ పేజీలు అతుకుల బొంతలా ఉండేవి. ఒక పేజీలో బ్రాకెట్లు, ఇంకో పేజీలో ఎండ్‌ఇఫ్‌లు, కొన్నింట్లో రెండూ కలిసి కాపురం చేస్తుండేవి. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దాలంటే తలప్రాణం తోకకొచ్చేది. ఆమె ప్రతి మీటింగులోనూ ఈ విషయం ఎత్తేది. యజమాని మంచివాడే గానీ ఏ విషయమైనా "చూద్దాం" అనే పెట్టెలో వేసి మూత పెట్టే మనిషి. నెలల తరబడి పోరి పోరి ఆమె ఆ మూత తీయించింది. చివరికి ఆయన, ఏదో ఒకటి నువ్వే తేల్చి మా చెవులకు విశ్రాంతి ఇవ్వమ్మా, అన్నాడు. ఆమె బ్రాకెట్లని తేల్చింది. వెనక నడిచే ప్రోగ్రాములన్నీ బ్రాకెట్లతోనే ఉన్నాయి కాబట్టి పేజీలు కూడా అలాగే ఉండాలంది. ఆఫీసులో ఇంకో ఇద్దరు ప్రోగ్రామర్లున్నారు. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేస్తారు గనక వాళ్ళను జంటకవులంటారు. వాళ్ళిద్దరూ ఒకే గొంతుతో సరేనన్నారు.

అడ్డు చెప్పింది రంగులన్నయ్య ఒక్కడే. కంపెనీ పుట్టిన రోజు నుంచి ఉన్న డిజైనరు ఆయన. పేజీలో ఏ రంగు ఎక్కడుండాలి, ఏ మాట ఏ మూలన పడాలి అన్నది ఆయన చూసుకుంటాడు. యాభై దాటిన మనిషి, ఎవరి జోలికీ పోడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తల పంకిస్తూ పనిచేసుకుంటాడు. అన్నయ్య ఒళ్ళంతా సంగీతమే, జీతం పాటలు వినడానికి ఇస్తున్నారు అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకుంటాడు. అలాంటి మనిషి ఆ రోజు మాత్రం, పేజీల వరకు ఎండ్‌ఇఫ్ పద్ధతే ఉండనివ్వమ్మా, నాకు అలవాటు, అన్నాడు. అలవాటన్నది కారణం కాదన్నయ్యా, అంది ఆమె. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆమె ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద జమ చేసుకుని, వారం తిరగకుండా పేజీలన్నింటినీ బ్రాకెట్లలోకి మార్చేసింది.

ఇంటికొచ్చి ఈ విజయగాథ చెబితే భర్త పెద్దగా కదల్లేదు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రెండూ పనిచేస్తున్నప్పుడు మార్చడం దేనికని అడిగాడు. ఒక అంతస్తులో బటన్లు కుడివైపు, ఇంకో అంతస్తులో ఎడమవైపు ఉంటే నువ్వు ఊరుకుంటావా అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. ఆయన కాసేపు ఆలోచించి, ఊరుకోను, అన్నాడు. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. అదే ఆఖరి హాయి.

పళ్ళ డాక్టర్ల క్లినిక్ ఒకటి వాళ్ళ ఖాతాదారు. ఒకరోజు సాయంత్రం ఆ క్లినిక్‌లో నీళ్ళ పైపు పగిలి కుర్చీలు, యంత్రాలు అన్నీ తడిసిపోయాయి. రేపు క్లినిక్ ఉండదు, అవతలి వీధిలోని రెండో క్లినిక్‌కు రండి అని పేజీలో పైకి కనిపించేలా పెట్టమని ఫోన్ చేశారు. యజమాని ఆ పని రంగులన్నయ్యకు ఇచ్చాడు. ఆయన పెట్టాడు. పెట్టి, తన లాగిన్‌తో పేజీ తెరిచి చూసుకుని, నోటీసు వచ్చిందని చెప్పి ఇంటికెళ్ళాడు.

తెల్లారేసరికి బుగ్గలు వాచినవాళ్ళు, దవడ పట్టుకున్నవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు మూసిన షట్టర్ ముందు గుమిగూడారు. పంటినొప్పితో ఉన్న మనిషికి ఓపిక ఎంతుంటుందో అందరికీ తెలిసిందే. పెద్ద డాక్టరు యజమానికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. యజమాని ఆ తిట్లను దారిలో ఎక్కడా ఒలికిపోకుండా తెచ్చి రంగులన్నయ్య నెత్తిన కుమ్మరించాడు. అందరూ వింటుండగా, చిన్న నోటీసు పెట్టడం కూడా చేతకాకపోతే ఎలాగండీ, నెల రోజుల నుంచీ చూస్తున్నాను, ఏ పేజీ ముట్టుకున్నా ఏదో ఒకటి చెడగొడుతున్నారు, అన్నాడు. పొరపాటైంది సార్ అన్నాడాయన. ఇంకొక్కటి జరిగితే మీ దారి మీరు చూసుకోవాల్సి వస్తుందని యజమాని తలుపు వేసుకున్నాడు.

బ్రాకెట్లమ్మ ఆ పేజీ తెరిచింది. తప్పు చూడగానే దొరికింది. లాగిన్ అయితే అన్న షరతు ఒకటి, దాని కడుపులో అపాయింట్‌మెంట్ల వరస ఒకటి, దాని కడుపులో ఇవాళ్టిదైతే అన్న షరతు ఇంకొకటి. మూడూ ముగిసేచోట మూసిన బ్రాకెట్లు మూడు ఒకదాని కింద ఒకటి నిలబడి ఉన్నాయి. నోటీసు మూడోదాని తర్వాత ఉండాలి. ఆయన రెండోదాని తర్వాత పెట్టాడు. అంటే లాగిన్ అయినవాళ్ళకే కనిపిస్తుంది. పంటినొప్పితో పేజీ తెరిచేవాడు లాగిన్ అవుతాడా? పైగా ఈయన తన లాగిన్‌తోనే చూసుకున్నాడు, కాబట్టి ఈయనకు లక్షణంగా కనిపించింది.

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. మూడు బ్రాకెట్లు లెక్కపెట్టుకోలేరా, పసిపిల్లలు కూడా చేయరు ఇంత తప్పు, ఈ ఒక్క మనిషి వల్ల నా పద్ధతికే చెడ్డపేరు వచ్చేలా ఉందే అనుకుంటూ విసురుగా ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళింది. తిట్టడానికే వెళ్ళింది, అందులో దాపరికం లేదు. ఆయన ఆమె వైపు తిరగలేదు. ఆమె మాట్లాడబోయేలోపే ఒక చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. వినమన్నట్టు తన చెవి తాకి చూపించాడు.

అందులో పాట లేదు. ప్రాణంలేని గొంతు ఒకటి గబగబా చదువుకుపోతోంది. ఆయన కింది వరసకు వెళ్ళే మీట నొక్కాడు. రైట్ బ్రేస్, అంది గొంతు, మూసిన బ్రాకెట్‌ను ఇంగ్లీషులో చదువుతూ. మళ్ళీ నొక్కాడు. రైట్ బ్రేస్. మళ్ళీ నొక్కాడు. రైట్ బ్రేస్. ఒకే శ్రుతి, ఒకే మాట.

"ఇది ఎన్నోదో చెప్పమ్మా," అన్నాడు.

ఆమె వేళ్ళమీద లెక్క పెట్టబోయి ఆగిపోయింది. ఆయన గొంతు తగ్గించి మిగతాది చెప్పాడు. చూపు నడిమధ్యలో ఎవరో బొటనవేలు అద్దినట్టు మచ్చ పడిందట, ఎటు చూస్తే అటు వస్తుందట. అంచులు కనిపిస్తాయి, రంగులు పెద్దవిగా ఉంటే పోల్చుకోగలడు, అక్షరాలు మాత్రం పూర్తిగా పోయాయి. నీ వైపు చూస్తే జడ కనిపిస్తుంది, ముఖం కనిపించదు, అన్నాడు. అందుకని తెరమీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాడు. అందరూ పాటలనుకుంటే పోనీలే అనుకున్నాడు.

"ఎండ్‌ఇఫ్ అంటే షరతు అయిపోయిందని తెలుస్తుంది. ఎండ్‌ఫర్‌ఈచ్ అంటే వరస అయిపోయిందని తెలుస్తుంది. ఈ బ్రాకెట్ ఏం చెబుతుందమ్మా? ఏదో అయిపోయిందంటుంది. ఏదన్నది చెప్పదు. లెక్క పెట్టుకుంటూ ఉంటాను, మధ్యలో ఎవరో పలకరిస్తారు, లెక్క తప్పుతుంది."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నయ్యా? అలవాటని అన్నారు," అంది ఆమె. గొంతులో ఇంకా కోపమే ఉంది. ఎవరి మీదో ఆమెకే తెలియడం లేదు.

"ఇంకేమని చెప్పను? చెబితే ముందు జాలిపడతారు. తర్వాత రెస్ట్ తీసుకోమంటారు. నాకు రెస్ట్ వద్దు. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు."

ఆమె తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. నెల రోజుల్లో ఆయన చేశాడన్న తప్పులన్నీ ఒక్కొక్కటే తీసి చూసింది. అన్నీ బ్రాకెట్లు బారులు తీరినచోటే జరిగాయి. ఆయన పేజీలు బ్రాకెట్లలోకి మారకముందు ఒక్కటీ లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ముసలాయన మీద కోపం, నోరు విప్పి ఒక్క ముక్క చెప్పి ఉంటే పోయేది కదా అని. తన మీద అంతకు రెట్టింపు కోపం, ఎందుకు అలవాటని ఒక్కసారి అడిగి ఉంటే పోయేది కదా అని. మళ్ళీ వెనక్కి మార్చాలంటే మీటింగులో అడగాలి. ఏ నోటితో అడుగుతుంది?

ఇంట్లో ఆ సాయంత్రం గిన్నెలు ఎక్కువ చప్పుడు చేశాయి. భర్త ఏమైందని అడిగితే, ఆఫీసులో ఒకాయనకు నా పద్ధతి వల్ల ఇబ్బందవుతోంది, కారణం మాత్రం చెప్పకూడదంది. మార్చెయ్యమన్నాడు భర్త. నెలల తరబడి పోట్లాడి సాధించినదాన్ని ఏ ముఖం పెట్టుకుని మార్చమంటావు, అందరూ నవ్వుతారు అంది. అత్తగారు టైలరుగా పనిచేసి మానుకున్న మనిషి. ఇప్పటికీ ఇంట్లో బట్టల అతుకులన్నీ ఆవిడవే. సూదిలో దారం ఎక్కిస్తూనే ఆవిడ కలగజేసుకుంది.

"కొలత తప్పిందని తెలిశాక కుట్టు విప్పకపోతే, వేసుకున్నవాడు చంక పట్టేసి చస్తాడు. నవ్వితే నవ్వనీ. విప్పు."

మీటింగు రోజున ఆమె విప్పడానికే వెళ్ళింది. పేజీల వరకు మళ్ళీ ఎండ్‌ఇఫ్ పద్ధతికి వెళ్దామంది. జంటకవుల్లో ఒకడు, అక్కా, నిన్నటిదాకా అది చెత్త పద్ధతన్నది మీరే కదా, అని మొదలుపెడితే రెండోవాడు, మేం తలాడించింది కూడా మీ మాట మీదే కదా, అని ముగించాడు. ఆమె కారణాలు చెప్పుకొచ్చింది. పేజీల్లో మాటల మధ్య బ్రాకెట్లు కళ్ళకు ఆనవంది. ఏది ఎక్కడ ముగిసిందో తెలియదంది. క్లినిక్ పేజీలో జరిగింది పద్ధతి లోపమే గానీ మనిషి లోపం కాదంది. ప్రతి కారణమూ నిజమే. అసలైనది ఒక్కటి చెప్పకపోవడం వల్ల అన్నీ కుంటుతూ నడిచాయి.

యజమాని పెన్ను బల్ల మీద పెట్టి, క్లినిక్ పేజీలో తప్పు చేసిన మనిషిని కాపాడటానికి ఆఫీసంతా పద్ధతి మార్చుకోవాలా అని అడిగాడు. మిగతా అందరికీ లేని ఇబ్బంది ఆయన ఒక్కడికే ఎందుకో చెప్పమన్నాడు. చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే ఆయన ఉద్యోగం పోయినట్టు. ఇన్నేళ్ళ వాదనల్లో ఆమె ఎప్పుడూ అంత చేతకానిదైపోలేదు.

"నాకు అక్షరాలు కనపడటం లేదు సార్. అందుకు," అన్నాడు రంగులన్నయ్య బల్ల చివర నుంచి.

చెప్పాల్సినదంతా నాలుగు ముక్కల్లో ఆయనే చెప్పేశాడు. చెవుల్లో ఉన్నవి పాటలు కావని కూడా చెప్పాడు. జంటకవులిద్దరూ తలలు వంచుకున్నారు. యజమాని ముఖంలో కోపమంతా ఎటుపోయిందో పోయింది. ఆయన లేచి వచ్చి రంగులన్నయ్య భుజం మీద చెయ్యి వేసి, ఇంత బాధ పెట్టుకుని పనిచేస్తున్నారా, ఆ రోజు అన్న మాటలు మనసులో పెట్టుకోకండి అన్నాడు. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత, మీరు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు రెస్ట్ తీసుకోండి, జీతం సంగతి నేను చూసుకుంటాను, అన్నాడు.

రంగులన్నయ్య ఆమె కూర్చున్న దిక్కుకు తల తిప్పాడు. నేను చెప్పానా లేదా అన్నట్టుంది ఆ తిప్పడం. ఆమె ఒంటికాలి మీద లేచింది.

"ఆయన రెస్ట్ అడగలేదు సార్. బ్రాకెట్ ఉన్నచోట ఒక మాట అడిగారు. అది ఇవ్వడానికి మనకు ఒక్క పూట పని. దానికి రెస్ట్ ఎందుకు?"

యజమాని ఆమె వైపు నొచ్చుకున్నట్టు చూశాడు. మంచితనాన్ని తిప్పికొట్టినవాళ్ళ వైపు మంచివాళ్ళు చూసే చూపు అది. చూద్దాం అన్నాడు.

ఆమె చూద్దాం కోసం ఆగలేదు. ఆ పూటే పేజీలన్నింటినీ ఎండ్‌ఇఫ్‌లలోకి మార్చేసింది. జంటకవులు అడక్కుండానే చెరో సగం పట్టుకున్నారు, నోరెత్తి ఒక్క జోకు వేయలేదు. మర్నాడు రంగులన్నయ్య ఎప్పటిలాగే వచ్చి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, క్లినిక్ పేజీ తెరిచి మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. సంతోషంగా తల పంకించాడు. ఆ తర్వాత ఏం చేయాలో తెలియక మళ్ళీ మొదటి నుంచి విన్నాడు.

పనులు పంచే బోర్డు యజమాని గది బయట గోడకు ఉంటుంది. ఏ పేజీ ఎవరిదో ఆయన స్వయంగా పెన్నుతో రాస్తాడు. ఆ రోజు నుంచి రంగులన్నయ్య పేరు పక్కన ఖాళీ. మర్నాడూ ఖాళీ. క్లినిక్ పని జంటకవులకు వెళ్ళింది, టైర్ల షాపు పని బయట ఎవరికో వెళ్ళింది. పొమ్మని ఎవరూ అనలేదు. యజమాని రోజూ ఆయన కుర్చీ దగ్గర ఆగి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నాడు, ఎండలో రావద్దని చెబుతున్నాడు, కాఫీ తెప్పిస్తున్నాడు. ఆమె రెండుసార్లు గదిలోకి వెళ్ళి అడిగింది. రెండుసార్లూ, పాపం, ఆయన్ని కష్టపెట్టడం నాకు ఇష్టం లేదమ్మా, అన్న జవాబే వచ్చింది. తిడితే ఎదురు తిట్టవచ్చు. కాఫీ తెప్పించే మనిషిని ఏం చేస్తాం? గోడకు చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వస్తుందని విసుక్కుంటూ బయటికొచ్చింది.

ఆ మధ్యాహ్నం రంగులన్నయ్య నుంచి ఆమె కంప్యూటరుకు సందేశం వచ్చింది. ఇప్పుడు ప్రతి పేజీ చక్కగా వినిపిస్తోంది చెల్లెమ్మా, ఏది ఎక్కడ ముగిసిందో అన్నీ తెలుస్తున్నాయి, పని ఒక్కటే రావడం లేదు, అని. చదివి ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడం ఇష్టంలేక కోపం తెచ్చుకుంది. తన వంతు పేజీల్లోంచి ఒకటి తీసి ఆయనకు పంపించి, ఇది మీరు చేయండి, ఎవరడిగినా నేనే చేశానని చెబుతాను, అని రాసింది. జవాబు వెంటనే వచ్చింది.

"వద్దమ్మా. దాచుకుని చేయడం ఇన్నాళ్ళూ చేశాను. ఇక నా పేరు లేని పని నాకొద్దు."

ఆ జవాబు ఆమె రెండోసారి చదివింది. సాయం చేస్తున్నాననుకుని తనూ ఆయన్ని మూలన కూర్చోబెట్టబోయింది. అందరి మంచితనమూ ఆయన్ని ఒకే మూలకు నెడుతోంది. ఆమె లేచి వెళ్ళి, బోర్డు అంచున ఉన్న పెన్ను తీసుకుని, క్లినిక్ పేజీ పక్కనున్న జంటకవుల పేర్లు చేత్తో తుడిచేసి, రంగులన్నయ్య పూర్తి పేరు పెద్ద అక్షరాలతో రాసింది. జంటకవులు చూసి, సరే అక్కా, అన్నారు. బోర్డు ఆయనకు కనిపించదు కాబట్టి ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి, క్లినిక్ వాళ్ళు కొత్త టైమింగులు పంపారు, సాయంత్రంలోగా పెట్టాలి, ఆలస్యమైతే తిట్లు మీకే పడతాయి, అని కటువుగా చెప్పింది. తిట్లు అన్న మాట వినగానే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

కాసేపటికి యజమాని గదిలోంచి బయటికొచ్చి బోర్డు ముందు ఆగాడు. ఇది ఎవరు రాశారని అడిగాడు. గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది, ఒక్క రంగులన్నయ్యది తప్ప.

"నేనే రాశాను సార్," అంది ఆమె. "తుడవాలంటే ఆయనకు చెప్పి తుడవండి. మీరు తుడిస్తే ఆయనకు కనపడదు."

యజమాని చెయ్యి బోర్డు దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది.